పెదవి మీద ఎండ

మార్చి 3

నోటి చుట్టూ ముడతలకి లేజర్ చేయించుకుని, తోటికోడలు క్లినిక్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేసింది. పది రోజులు ఇక్కడే. మా ఇంట్లో ఎంతమంది ఉన్నా నీ అంత పద్ధతిగా ఎవరు చూస్తారక్కా అంది. పొగిడితే పడిపోతానని తనకి తెలుసు.

నన్నూ రమ్మంది నిజానికి. ఇద్దరం ఒకేసారి పడుచుపిల్లలం అయిపోదాం అంది. ఈ వయసులో నా మూతి ఎవరు చూడొచ్చారు అన్నాను. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, అదీ నిజమే అన్నారు.

మార్చి 4, ఉదయం 6.00

చార్టు గీశాను. ఆయింట్‌మెంట్ నాలుగు గంటలకోసారి. తడిగుడ్డ రోజుకి మూడుసార్లు. మెత్తటి తిండి, చెంచాతో. ఎండ మాత్రం అస్సలు తగలకూడదు, మచ్చ పడుతుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. వెనక గది కర్టెన్ మూసి పిన్నీసు పెట్టాను.

మూతంతా వాచి చితికిన టమాటాలా ఉంది. చూస్తే హాయిగా అనిపించింది. డైరీలో కూడా అబద్ధం ఎందుకు.

మార్చి 6

నవ్వించకండి బావగారూ, పగులుతుంది అంటూ పెదవులు కదపకుండా నవ్వుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి జోకుల మీద జోకులు. ఇరవై ఏడేళ్ళలో నాకు ఒక్కటి చెప్పలేదు.

మార్చి 8

పొట్టు రాలింది. కింద లేత గులాబీ చర్మం. ఒక్క గీత లేదు.

బాత్రూం అద్దంలో నావి లెక్కపెట్టాను. పైపెదవి మీద పదకొండు. కింద నాలుగు.

మార్చి 9, మధ్యాహ్నం 3.30

తిని వెల్లకిలా పడుకుంది. గది ముక్కిన వాసన వేస్తోందని కిటికీ తీయబోయాను. అందుకు కర్టెన్ తీయాలి కదా. తీశాను. అప్పుడు 2.40.

ఎండ దిండు మీదికి వచ్చింది. తర్వాత గడ్డం మీదికి. తర్వాత నోటి మీదికి. నేను తలుపు దగ్గరే ఉన్నాను. మూడడుగులు వేస్తే కిటికీ. కాళ్ళు రాలేదు అని రాద్దామనుకున్నాను. వచ్చేవే. నేనే వేయలేదు.

3.20కి మూశాను. పిన్నీసు కూడా పెట్టాను. నలభై నిమిషాలు.

4.00కి ఆయింట్‌మెంట్ రాయాలి.

మార్చి 13

వెళ్ళిపోయింది. మా అమ్మ కూడా ఇంత చెయ్యదక్కా అని నన్ను వాటేసుకుంది. పెళ్ళి ఫోటోలోంచి దిగొచ్చినట్టున్నావమ్మా అన్నారు ఆయన. నా వైపు తిరిగి కాఫీ అడిగారు.

మార్చి 30

రెండు వారాలుగా ఫోన్ లేదు. నేనూ చేయలేదు.

ఏప్రిల్ 7

క్లినిక్‌కి తోడు రమ్మంది. పైపెదవి మీద ఎడమ పక్క గోధుమరంగు మచ్చ, బొటనవేలి గోరంత. ఎండ తగిలిందా అని డాక్టరమ్మ నిలదీసింది. లేదు మేడం, మా అక్క పిన్నీసు పెట్టి మరీ కాపలా కాసింది అని చెప్పింది తోటికోడలు. క్రీమ్ రాసిచ్చారు. నెలలు పడుతుందట. పోవచ్చు, పోకపోవచ్చు అట.

ఏప్రిల్ 7, సాయంత్రం

క్లినిక్ మెట్ల మీద అంతా చెప్పేశాను. టైముతో సహా.

తెలుసక్కా, మెలకువగానే ఉన్నా అంది. ఎప్పుడు మూస్తావా అని చూశా అంది.