ఏ లైనో చెప్పండి చాలు

ప్రియమైన మీకు,

మా గోదాంలో మందుల పెట్టెలు కట్టేవాళ్లకు కూడా కంప్యూటర్ పరీక్ష పెడుతున్నారు. నెగ్గితే కోరుకున్న ఊరి ఆఫీసులో సీటు ఇస్తారట, మీ కంప్యూటర్ సెక్షన్‌లోనైనా సరే! పెళ్లయినప్పటి నుంచి మీరక్కడ, నేనిక్కడ. ఒకచోట ఉండాలంటే ఇదొక్కటే దారి.

పాస్‌వర్డ్ సరిగ్గా కొడితే లోపలికి రమ్మని, తప్పు కొడితే మళ్లీ ప్రయత్నించమని చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. నాది నడవడం లేదు. ఫోనులో చదివి వినిపిస్తే అర్థం కాదని కాగితం మీద దించి పంపుతున్నాను. మీరు సరిచేయకండి. తప్పు ఏ లైనులో ఉందో చెప్పండి చాలు, నేనే దిద్దుకుంటాను. వేళకు తింటున్నారా?

ఎప్పుడెప్పుడు వద్దామా అని చూస్తున్న
మీ ఆవిడ

ప్రియమైన మొద్దూ,

ఎనిమిది లైన్లలో నాలుగు తప్పులా! కోలన్ లేదు, కొటేషన్ తెరిచి మూయడం మరిచావు. సెక్షన్‌లో అందరికీ చూపించాను, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. లైను చెబితే ఇంకో నాలుగు చేస్తావు. అందుకే మొత్తం తిరగరాశాను, అలాగే కొట్టు.

అన్నట్టు, నా గది అగ్గిపెట్టెంత. వచ్చే సంగతి తర్వాత చూద్దాం.

నీ
మాస్టారు

ప్రియమైన మీకు,

మీరు రాసింది కొట్టగానే నడిచింది. ఇక్కడ పాఠం చెప్పే సారు నన్ను మెచ్చుకుంటుంటే తలెత్తలేకపోయాను. అందరికీ చూపించడం దేనికండీ?

మూడుసార్లు తప్పు కొడితే ఆపేసేలా మళ్లీ రాశాను. ఇంగ్లీషులో ఎర్రగా ఏదో వస్తోంది, తిడుతున్నట్టుంది. దాని అర్థం ఏమిటి? ఈసారైనా లైను మాత్రమే చెప్పండి. ఇక గదంటారా, సర్దుకుపోనూ? నేనేమన్నా ఏనుగునా?

మీ ఆవిడ

ప్రియమైన మొద్దూ,

మళ్లీ కోలన్ మింగేశావు! ఆ ఎర్ర అక్షరాలు నీకెందుకు, వదిలేయ్. మొత్తం రాసి పంపుతున్నాను, బట్టీ పట్టు. మా ఇంటివాళ్లు ఒంటరిగా ఉండేవాళ్లకే గది ఇస్తామంటున్నారు. తొందరపడకు.

నీ
మాస్టారు

ప్రియమైన మీకు,

పరీక్ష పోయింది. ప్రోగ్రాం రాయమంటారనుకున్నాను. తప్పులున్న ప్రోగ్రాం చేతికిచ్చి దిద్దమన్నారు. మీరు రాసింది పొల్లుపోకుండా అప్పజెప్పగలను గానీ, తప్పు పట్టుకోవడం నాకెక్కడ వచ్చు? ముందు వరుసలో కూర్చుని ఏడ్చాను. ఇంకొక్క అవకాశం ఇస్తారట.

మీ ఆవిడ

ప్రియమైన మొద్దూ,

పోతే పోయింది. ఒకందుకు మంచిదే అయింది. ఈ ఊరు నీకు పడదు. మళ్లీ పరీక్ష అంటూ ఎగబడకు. పెట్టెలు కట్టుకుంటూ హాయిగా ఉండు.

నీ
మాస్టారు

ప్రియమైన మీకు,

‘ప్రియమైన’ అని అలవాటు కొద్దీ రాశాను.

"మంచిదే అయింది" అన్న మాట చదివాక అన్నం సహించలేదు. మర్నాడు ఆ ఎర్ర అక్షరాలేమిటని సారును అడిగాను. "తప్పు ఏ లైనులో ఉందో మెషినే చెబుతోంది కదమ్మా! ఆ నంబరు అదే. ఇన్నాళ్లూ చూసుకోలేదా?" అన్నారు. ఎవరో వదిలేయమన్నారని చెప్పడానికి నోరు రాలేదు. మీకది తెలుసు. మీకు రోజూ అదే పని. మిమ్మల్ని నేను అడిగిందీ అదొక్కటే.

నేను రావడం మీకు ఇష్టం లేకపోతే ఆ ముక్క రాసేయాల్సింది. ఏడ్చి ఊరుకునేదాన్ని. నన్ను మొద్దును చేసి ఆపడం ఏమిటండీ?

రెండోసారి కూర్చున్నాను. ఆరు తప్పులిచ్చారు, ఆరూ దిద్దాను. ఆఫీసరమ్మ నా కాగితం మీద సంతకం పెడుతూ, "ఏ ఊళ్లో సీటు కావాలమ్మా?" అని అడిగింది. మీ ఊరి పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

ఇక్కడే ఇమ్మన్నాను.

సెలవు.