గురువారం తమరు తనిఖీకి రావద్దని మనవి

ఆసుపత్రుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
రాయచూరు బజారులో శాలువాలు, పూలదండల దుకాణం నడుపుకొను పాండురంగయ్య నమస్కరించి వ్రాసుకొన్నది.

అయ్యా,

విషయం: నా భార్య సుమంగళ ఎడమ మోకాలి మూడవ ఆపరేషన్ దినమున తమరి తనిఖీ వాయిదా వేయుట గురించి.

1. దసరా ముందర సదరు సుమంగళకు మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ నిర్ణయమైనది. చీము పట్టకుండ ముందుగా ఇచ్చు యాంటీబయాటిక్ ఇంజెక్షన్‌ను నర్సు సహన గారు పొద్దున తొమ్మిదిన్నరకు ఇచ్చినారు. అది ఇచ్చిన గంటలోపల కత్తి పెట్టవలెనని నియమము.

2. తొమ్మిది నలభైకి తమరి జీపు వచ్చినది. ఆపరేషన్ చేయవలసిన డాక్టర్ ప్రమోద్ గారిని స్వాగతానికి పిలిచినారు. దండలు, ఫోటోలు, వార్డులు తిరుగుట, ఉప్పిట్టు, చాయ్. కత్తి పెట్టినది ఒంటిగంటన్నరకు. ఇంజెక్షన్ మళ్ల ఇచ్చినట్టు కేసు కాగితంల ఎక్కడా లేదు. పొద్దున పోసిన మందు అంతసేపు ఒంట్ల నిలుస్తదా అయ్యా?

3. మూడు వారాలకు చీము పట్టినది. పెట్టిన కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ముద్ద పెట్టినారు. ఆ మందు లోపల్లోపలే ఊరుతూ చీమును చంపునట. దానికి తోడు ఆరు వారాలు రోజూ నరానికి సూదులు. "కాల్ల సిమెంటు పోసిండ్రు, ఇంక సున్నం కొట్టుడే తక్కువ" అని సుమంగళ నవ్వింది. తర్వాత గోడ దిక్కు తిరిగి ఏడ్చింది. నేను చూడనట్టు ఉన్న.

4. ఆలస్యం వల్లనే ఇట్లయిందని చెప్పలేమని డాక్టర్ గారు సెలవిచ్చినారు. నిజమే కావచ్చు, తమరిని తప్పు పట్టుట లేదు. కాని ఈ గురువారం పది గంటలకు సిమెంటు తీసి కొత్త కీలు పెడతరు. తమరు గూడ అదే గురువారం, అదే పది గంటలకు వస్తున్నరు. ఆపరేషన్ తేదీ మార్చమంటే మళ్ల రెండు నెలలంట. "మీరు బయటికి రాకుంటే ఏమైతది సార్?" అని డాక్టర్ గారిని బతిమాలిన. "సాహేబు వస్తే పోకుండ ఉండలేను పాండురంగయ్యా, నాది గూడ నౌకరీనే" అన్నడు. మళ్ల చీము పడితే ఏంది గతి అని అడుగుతుండంగనే తర్వాతి పేషంటును పిలిచిండు.

5. ఈ అర్జీ కన్నడంల కొట్టిద్దామని కోర్టు కాడి టైపింగాయన దగ్గరికి పోయిన. "సాహేబును రావద్దని నేను కొట్టనప్పా" అని కాగితం వాపస్ ఇచ్చిండు. అందుకే తెలుగుల, నా చేత్తోనే.

కావున తమరు బుధవారం వచ్చినా, శుక్రవారం వచ్చినా మాకు పండుగే. గురువారం ఒక్కటి వదిలిపెట్టుమని ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాండురంగయ్య

తా.క.: తమరు వచ్చే సంగతి నాకెట్ల ఎరుకయిందంటరేమో. స్వాగతం దండ నా దుకాణంలనే చెప్పిండ్రు. పోయినసారిది గూడ నేను కట్టిందే. కనకాంబరాలు బాగున్నయని తమరు మెచ్చుకున్నరంట. థియేటరు బయట స్ట్రెచర్ మీద ఎదురుచూస్తున్న సుమంగళకు ఆ మాట చెప్పి మురిసిన బుద్ధిలేనోణ్ని నేనే. ఈసారి దండ గురువారం పొద్దున్నే తమరి ఇంటికే తెస్త. రెండు వరుసలు ఎక్కువే కడత. వాకిట్లనే వేయించుకొని, ఆ పూటకు ఇంట్లనే ఉండుండ్రి సాహేబ్, మీ కాళ్లు మొక్కుత.