ఆశకు ముందు సీటు

జయరాముడూ,

నేను కంటి ఆపరేషనుకు పోతున్నా. రేపు ఎడారి క్యాంపుకు మన యజమాని అర్బాబ్ ట్రైలర్‌ను పికప్‌కు తగిలించి నువ్వే తోలాలి. ట్రైలర్‌లో నీళ్ల డ్రమ్ములు వెనక పెట్టొద్దు, చక్రాలకు కాస్త ముందు పెట్టు. కొక్కెం పిన్ను, రెండు గొలుసులు చేత్తో లాగి చూడు. ట్రైలర్ ఊగితే బ్రేకు తొక్కొద్దు. ఎక్సలేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నేరుగా పట్టుకో.

పికప్‌లో అర్బాబ్ పిల్లలు నిండితే మేడమ్, వాళ్లింట్లో పనిచేసే మన ఆశను ట్రైలర్‌లో కూర్చోమంటుంది. నీ పెండ్లాం మొహమాటానికి ఎక్కుతుంది. పోయినసారి నేను తోలేటప్పుడు ఎక్కింది. బర్కా ఊరు దాటినాక ట్రైలర్ ఊగింది. కన్నకూతురు లోపలున్నా నేను నోరు తెరవలేదు. నువ్వు తెరువు. సీటు ఇవ్వకుంటే తాళాలు ఇచ్చి దిగు.

మామ

అర్బాబ్ కోప్పడితే మామ చెప్పినాడను. పనిలోంచి తీసేస్తే నన్నే తీసేస్తాడు.