ఎడమపక్క సీటు

ఉరవకొండ,
మే, 1964

శ్రీవారికి రామలక్ష్మి నమస్కారాలు.

వానల్లేక జరగడం కష్టంగా ఉంది, కారు అమ్మేస్తానని రాశారు. అమ్మేయండి. నన్నడగడం దేనికి? కొన్న ఏడాదే, మన బిడ్డ బయమ్మను ఒళ్లో పెట్టుకుని కల్యాణదుర్గం ఆసుపత్రికి బయలుదేరింది అందులోనే. సగం దారిలో బిడ్డ పోయింది. నేను గుండెలు బాదుకుంటుంటే మీ కంట చుక్క నీరు రాలేదు. బండి తిప్పి కంబదూరు ఇంటికి తెచ్చారు. ఆ తర్వాత రోజూ అన్నం తినగానే "తోట కాడికి పోయొస్తా" అని లేచిపోవడమే. ఎండిపోయిన బావిలో ఏం చూడాలని? నా ముఖం చూడలేకే పోతున్నారని ఏడాదంతా చూసి చూసి, ఐదేళ్ల కిందట మా తమ్ముడు లింగన్న ఇంటికి వచ్చేశాను. ఇక రాను. బాడుగ కార్లు నడిపేవాడు కదా, లింగన్ననే వచ్చి బండి చూడమంటాను.

రామలక్ష్మి

ఉరవకొండ,
గురువారం

మన బయమ్మ నాయనకు,

లింగన్న నిన్న తోట షెడ్డులో బండి చూసి వచ్చాడు. వాడు ఉత్త మైళ్ల మీటరును నమ్మే రకం కాదని మీకు తెలుసు.

"అక్కా, బండికి ఏడేండ్లు. మీటరు చూస్తే కొత్త బండి మాదిరి ఉండాది. ఎవరో వెనక్కి తిప్పినారనుకుంటి. పెడల్ రబ్బరు చూసినా, అరగనే లేదు. మీటరు చెప్పేది నిజమే. కానీ ఎడమపక్క సీటు గుంట పడిపోయినాది, ఆ తలుపు పిడి అరిగి తెల్లబడినాది. బండి కదల్లేదు, ఆ సీట్లో మాత్రం రోజూ ఎవరో కూర్చున్నారు" అన్నాడు.

ఎవతెను తెచ్చి కూర్చోబెట్టారో అనుకున్నాను. పాపిష్టిదాన్ని. వాడు ఆ మాటే తోటకాపరి దాసప్పను అడగనే అడిగాడట, దాసప్ప చెప్పింది ఇది:

"యాడ ఆడమనిషన్నా! మా అయ్యే. మధ్యాన్నం అద్దాలన్నీ ఎత్తుకొని ఆ సీట్లో కూర్చొని ఏడుస్తాంటాడు. ఉడికిపోతావు సామీ, అద్దం దించు అంటే, పాపకు చలి అంటాడు."

"చలేస్తాంది నాయనా, అద్దమెత్తు." మన బిడ్డ ఆఖరి మాట అదేనండీ. ఏళ్ల తరబడి ఆ మాట మీరొక్కరే మోశారు. నా ముందు ఒక్కసారి ఏడ్చి ఉంటే నేను ఇల్లు వదిలేదాన్నా? ఆ కోపం నాకింకా పోలేదు. వచ్చాక మీతో పోట్లాడతాను.

బండి అమ్మొద్దు. లింగన్నకు చెప్పేశాను. ఆదివారం బస్సుకు వస్తున్నాను. అన్నం తిని ఇద్దరం తోటకు పోదాం. ఎడమపక్క సీటు నాది, ఆనాడు బిడ్డను ఒళ్లో పెట్టుకుంది నేను. మీరు స్టీరింగు ముందు మీ చోట కూర్చోండి. బండి కదపొద్దు. అద్దాలు నేనే ఎత్తుతాను.

మీ
రామలక్ష్మి