పది అంగల వైఫై

జూన్ 6, శనివారం. సాయంత్రం 5.30

వైఫై డబ్బా కొన్నాను. సబ్బుబిళ్ళంత ఉంది. ఏ దేశంలో దిగితే ఆ దేశపు నెట్ పట్టుకుని మన ఫోనుకు అందిస్తుందట. ఈ సంగతులన్నీ కొట్టతను నేను అడగకుండానే చెప్పాడు. అందుకే అక్కడ కొన్నాను. అంతకుముందు పక్క కొట్లో "ఏం కావాలండీ" అని అడిగారు. బయటికి వచ్చేశాను.

ఎందుకు కొన్నానో రాసి పెట్టుకుంటాను.

మా ఆవిడ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. "ముందుకు జరగండి" అని అరిచి అరిచి చేతులకు కాయాల్సిన కాయలు గొంతులో కాశాయి. మొన్న మంగళవారం ఆపరేషన్ చేసి తీశారు. మూడు వారాలు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, మాట్లాడితే గొంతు మళ్ళీ సరిగా రాదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పరాయి దేశంలో ఉన్న మా బావమరిది ఇంటికి టిక్కెట్లు చలికాలంలోనే తీసి ఉన్నాయి. వచ్చే మంగళవారం ప్రయాణం. వెళ్ళిరావచ్చు అంది డాక్టరమ్మ, నోరు మాత్రం కట్టుకుని.

చిక్కు ఆవిడతో కాదు, నాతో. నలభై రెండేళ్ళుగా నా నోరు కూడా ఆవిడే. దారి అడగాలన్నా, హోటల్లో ఉప్పు అడగాలన్నా, చొక్కా బిగుతైందని దర్జీకి చెప్పాలన్నా ఆవిడే. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. కంటికి అద్దం తగిలించుకుని తల వంచితే పొద్దు గుంకేదాకా ఎత్తే పని లేదు. ఊళ్ళో ఎనిమిదో క్లాసు దాకా చదివాను. అక్కడా వెనక బెంచీయే.

అక్కడ నేను బిక్కమొహం వేసుకు నిలబడితే ఆవిడ ఊరుకోలేదు. నోరు తెరుస్తుంది. తెరిస్తే గొంతు పోతుంది. కాబట్టి తీర్మానం:

1. ఆవిడ నోటివెంట ఒక్క మాట రాకూడదు.
2. నేనూ ఎవరినీ ఏదీ అడగను.
3. అడగాల్సినవన్నీ ఫోను అడుగుతుంది. నేను మన భాషలో రాస్తే అది వాళ్ళ భాషలో పైకి చదువుతుంది. దానికి నెట్ కావాలి. నెట్‌కు డబ్బా ఉంది.

చూపించాను. ఆవిడ పలక అందుకుని రాసింది: "మీకూ ఆపరేషన్ అయిందా?"

జూన్ 7. ఉదయం 9.00

సాధన. నా పాత కొట్టుకు దారి చెప్పమని ఫోనును అడిగాను. ముప్పై ఏళ్ళు నడిచిన దారి కాకుండా వెనక సందు చూపించింది. వెళ్ళి చూశాను. నాలుగు నిమిషాలు కలిసొచ్చింది. ముప్పై ఏళ్ళలో ఎవరినైనా ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. అయినా ఫోను చెప్పిందిగా. అదే గొప్ప.

జూన్ 10. మధ్యాహ్నం 1.15

దిగాం. డబ్బా మీట నొక్కాను. ఎర్ర దీపం. మళ్ళీ ఎర్ర దీపం. తర్వాత పచ్చ. నా గుండెలో కూడా అప్పుడే పచ్చ వెలిగింది.

విమానంలో టీయా కాఫీయా అని అడిగారు. పక్కాయన కప్పు వైపు చూపించాను. ఆయన తాగేది టమాటా రసం. అదే తాగాను. డబ్బా ఆపి ఉంచమన్నారు కదా, నా తప్పు లేదు.

బావమరిది వచ్చి తీసుకెళ్ళాడు. బ్రెడ్డు తయారుచేసే చోట పని. తెల్లవారుజామున వెళితే సాయంత్రం వస్తాడు. ఒంటరివాడు. కారులో నా వైపు, వాళ్ళక్క వైపు మార్చి మార్చి చూసి అన్నాడు:

"అక్క మాట్లాడకూడదు. బావ మాట్లాడడు. నా ఇంటికి చుట్టాలొచ్చినట్టా, బొమ్మలొచ్చినట్టా?"

జూన్ 11. సాయంత్రం 4.00

విజయం. వీధి చివర టీ కొట్టులోకి వెళ్ళాం. "రెండు టీలు, ఒక దాంట్లో చక్కెర వద్దు" అని రాశాను. ఫోను పైకి చదివింది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఫోను వైపే చూసి నవ్వింది, ఫోనుకే జవాబు చెప్పింది. నా మొహం వైపు చూడనేలేదు. ఇంత సుఖం నేనెరగను.

మ్యూజియం, పార్కు, చెప్పుల కొట్టు. అంతటా ఫోనే మాట్లాడింది. ఆవిడ పలక రాత: "ఈ ఫోను చలాకీది. ముందే దొరికితే దీన్నే చేసుకునేదాన్ని."

జూన్ 12. సాయంత్రం 6.00

చిన్న ఇబ్బంది. డబ్బా చొక్కా జేబులో వేడెక్కుతోంది. ఆవిడ నీలం సంచిలో వేశాను. ఫోను నా చేతిలో. డబ్బాకు పది అంగల కంటే ఎక్కువ అందదు. ఆవిడ కండక్టరు నడక నడుస్తుంది. రెండు షాపులు దాటేసరికి నా ఫోను మూగబోతుంది. పరుగెత్తి అందుకుంటే మళ్ళీ పలుకుతుంది.

పెళ్ళైన కొత్తలో కూడా ఇంత దగ్గరగా నడవలేదు. బావమరిది వరండాలోంచి చూశాడట. "ఏంటి బావా, అక్క కొంగుకు కట్టేసుకున్నట్టున్నారు?"

వివరం చెప్పలేదు. అనుకుంటే అనుకోనీ.

జూన్ 13. మధ్యాహ్నం 12.10

బావమరిదికి ఇవాళ సెలవు. పొద్దున్నే నా డబ్బా నెట్ పెట్టుకుని కుస్తీ పోటీలు చూశాడు. "మా ఇంటి నెట్ ముసల్ది బావా, మీది పడుచుది" అన్నాడు. వద్దనాలంటే నోరు విప్పాలి. ఊరుకున్నాను.

11 గంటలకల్లా రోజు కోటా అయిపోయింది. ఆ తర్వాత నెట్ నత్తనడక. మ్యూజియం మధ్యలో అవసరం పడింది. ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది. అది ఆగేదాకా నేను ఆగేలా లేను. గార్డుకు చిటికెన వేలు చూపించాను. అర్థమైంది. తలుపు చూపించాడు.

చిటికెన వేలు చూపించడం అడగడం కిందికి రాదు. మా బళ్ళోనూ అంతే, దానికి నోటితో పని లేదు.

జూన్ 14. ఉదయం 8.00

తీర్మానానికి సవరణలు:

చిటికెన వేలు అడగడం కాదు.
తల ఊపడం అడగడం కాదు.
వాళ్ళంతట వాళ్ళు చెబుతుంటే వినడం అడగడం కాదు.
వాళ్ళు వచ్చి చెప్పేలా దిక్కులు చూస్తూ నిలబడటం... దీని గురించి ఇంకా ఆలోచించాలి.

ఆవిడ చదివి పలక తుడిచి రాసింది: "అలా నిలబడే కదా మా నాన్న కంట్లో పడ్డారు."

జూన్ 16. మధ్యాహ్నం 2.30

తీర్మానానికి దెబ్బ తగిలింది. కొంచెమే.

ఆవిడ గొంతు ఎండిపోకుండా గంటకోసారి గోరువెచ్చని నీళ్ళు తాగాలి. ఫ్లాస్కులో అయిపోయాయి. పార్కు క్యాంటీన్ వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. రాశాను. చక్రం తిరుగుతోంది. బావమరిది తెల్లవారుజామున పనికి వెళ్ళేముందు మళ్ళీ కుస్తీలు చూశాడు కాబోలు. వెనక ఎనిమిది మంది. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన గట్టిగా దగ్గాడు.

ఆవిడ ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి నాకు తెలుసు. "ముందుకు జరగండి"కి ముందు తీసే ఊపిరి అది. పెదాలు విడిపోయాయి.

"వేడి నీళ్ళు" అన్నాను. మన భాషలోనే. గట్టిగా. ఫ్లాస్కు బోర్లించి చూపించాను.

కౌంటరతను ఉలిక్కిపడి నింపి ఇచ్చాడు. ఆవిడ పెదాలు మూసుకున్నాయి.

దీన్ని అడగడం అనరు. అడగడంలో ఒక మర్యాద ఉంటుంది. ఇది కేక. తీర్మానం భద్రం.

జూన్ 17. రాత్రి 7.40, భోజనాల దగ్గర

బావమరిది: "రేపు రైల్లో అవతలి పట్నం చూసి రండి. పెద్ద స్టేషన్. తప్పిపోతే ఎవరినైనా అడగండి బావా. నోరుంది కదా."
నేను: "డబ్బా ఉంది."
బావమరిది: "డబ్బా అక్క సంచిలో ఉంటుంది. మీరు తప్పిపోతే?"

ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

జూన్ 18. సాయంత్రం 6.15

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం 10.20. అవతలి పట్నం స్టేషన్‌లో దిగాం. ఆవిడ మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. నన్ను ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, కదలొద్దని వేలు చూపించింది. ఇంతలో ఒక రైలు వచ్చి జనాన్ని కుమ్మరించింది. ఆ తోపులాటలో నేను కొట్టుకుపోయాను. జనం పలచబడ్డాక చూస్తే స్తంభాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నాది ఏదో తెలియలేదు.

10.35. ఫోను తీశాను. మూగ. డబ్బా ఆవిడ సంచిలో ఉంది. ఆవిడ దగ్గర నెట్ ఉంది, ఫోను లేదు. నా దగ్గర ఫోను ఉంది, నెట్ లేదు. ఆవిడ పలక చదివేవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే, ఒకడు బ్రెడ్డు కాలుస్తున్నాడు.

అప్పుడు భయమేసింది. తప్పిపోయినందుకు కాదు. నేను కనబడకపోతే ఆవిడ ఏం చేస్తుందో నాకు తెలుసు. నడి బస్టాండులో, వాన హోరులో, రెండో ప్లాట్‌ఫారం దాకా వినబడేలా పిలిచిన మనిషి. పిలుస్తుంది. పదహారు రోజులు కాపాడిన గొంతు ఒక్క కేకతో పోతుంది. ఆవిడ నన్ను పిలిచేలోపు నేను ఆవిడను పట్టుకోవాలి.

అడిగాను.

పేపరు చదివే ఆయన్ని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. పిల్ల తల్లిని అడిగాను. టైము చెప్పింది. సూటువాడు నాకు టిక్కెట్ల కిటికీ చూపించాడు. ఇద్దరు ముసలమ్మలు నాకు బిస్కెట్టు పెట్టారు. అందరినీ మన భాషలోనే అడిగాను. "మా ఆవిడండీ, పొట్టిగా ఉంటుంది, నీలం సంచి." నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పదకొండో మనిషి నేల ఊడ్చే ఆవిడ. ఇంత ఎత్తు అని చెయ్యి పెట్టాను. సంచి తగిలించుకున్నట్టు చూపించాను. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాను. ముందు పంటినొప్పి అనుకుంది. మళ్ళీ మొదటినుంచీ చేశాను. చీపురు పక్కన పెట్టి నా మణికట్టు పట్టుకుంది. మెట్లెక్కించి ఒక అద్దాల గదిలోకి లాక్కెళ్ళింది. రైళ్ళ రాకపోకలు చదివే గది. అక్కడాయనకు ఏదో చెప్పింది. ఆయన మైకు నా వైపు జరిపాడు.

బళ్ళో పద్యం అప్పజెప్పమంటే గోడ దూకి పోయినవాణ్ణి.

మా ఆవిడ పేరు పిలిచాను. మూడుసార్లు. స్టేషనంతా మోగింది.

కింద, అద్దంలోంచి, కనబడింది. బెంచీ పక్కన మెడ సాచి నిలబడి ఉంది. పేరు విని పైకి చూసింది. తర్వాత అటూ ఇటూ చూసింది, ఎవరబ్బా ఆవిడ అన్నట్టు. నలభై రెండేళ్ళలో నేను ఆవిడను పేరు పెట్టి పిలవలేదు. మొదట్లో సిగ్గు. తర్వాత అలవాటు. నా గొంతులో తన పేరు ఎలా ఉంటుందో ఆవిడకెలా తెలుస్తుంది?

ఇక వెతకడం మానేసింది. నిటారుగా నిలబడింది. ఆ ఊపిరి తీసింది. నోరు తెరిచింది.

"ఇదిగో" అన్నాను.

నోరు మూసుకుంది. గిరుక్కున తిరిగింది. అద్దాల గదిలో నన్ను చూసింది.

"ఇదిగో, అక్కడే ఉండు. నేనే వస్తున్నా. నోరు తెరవకు" అన్నాను, మైకులోనే. ప్రయాణికులంతా నిలబడి విన్నారు. మైకాయన చప్పట్లు కొట్టాడు.

కిందికి వెళ్ళేసరికి ఆవిడ పలక రాసి పట్టుకుని ఉంది: "మనవైపు ఆవిడెవరో తప్పిపోయింది, పాపం అనుకున్నా."

కింద ఇంకో వరస, చిన్న అక్షరాల్లో: "ఫ్లాస్కులో నీళ్ళున్నాయి, కూర్చోండి."

కూర్చున్నాను. సంచిలో డబ్బా పచ్చగా వెలుగుతోంది. నాకు ఒక్క మాట సాయం రానిది, దీపానికేం లోటు లేదు.

తీర్మానం మొదటి అంశం నిలిచింది. రెండోది గాలికి పోయింది. పదకొండు మంది. సవరణకు వీలు లేదు.

జూన్ 20. ఉదయం 6.00

తిరుగు ప్రయాణం. బావమరిది విమానాశ్రయానికి వచ్చాడు. "స్టేషన్‌లో మైకు పట్టారట కదా బావా. అక్క పలక మీద రాస్తే అతిశయం కలిపిందేమో అనుకున్నా." నేను పెట్టెలు తోపుడు బండిలోకి ఎత్తాను. పొగడ్తకు జవాబు చెప్పడం ఇంకా రాదు.

జూన్ 23. ఉదయం 11.50

మూడు వారాలు నిండాయి. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. గొంతులోకి దీపం వేసి చూసింది. "ఆ... అనండి."

"ఆ..." అంది మా ఆవిడ.

వచ్చింది. శుభ్రంగా, గంటలా. నేను గోడ మీద కేలెండరు వైపు చూశాను. ఏ నెలో కనబడలేదు, కళ్ళు మసకలు కమ్మాయి.

"చాలా బాగుంది" అంది డాక్టరమ్మ. "కానీ తొందరొద్దు. ఈ వారం రోజుకు వంద మాటలే. లెక్క పెట్టుకుని వాడండి. మొదటి మాట ఎవరితో?"

నా వైపు తిరుగుతుందనుకున్నాను. చొక్కా కూడా సర్దుకున్నాను.

"డాక్టరమ్మా, ఈయనేం చేశారో తెలుసా?" అంది.

మొదలుపెట్టింది. స్టేషన్, జనం, స్తంభాలు, ఊడ్చే ఆవిడ, మెట్లు, అద్దాల గది. ఊపిరి తీసుకోలేదు. నేను వేళ్ళ మీద లెక్క పెడుతున్నాను. "...ఈయన మైకు పట్టుకుని, నా పేరు..." దగ్గర వంద నిండాయి. చెయ్యెత్తాను. ఆవిడ టక్కున ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో చేత్తో నన్ను చూపించింది.

డాక్టరమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది. నర్సు ట్రే కింద పెట్టింది.

"ఆ, పేరు పిలిచారు. తర్వాత?"

చెప్పాను. మొత్తం.

సాయంత్రం 5.00

తీర్మానం మళ్ళీ మొదలు. రేపటి నుంచి ఎవరినీ ఏదీ అడగను, ఎవరికీ ఏదీ చెప్పను. డబ్బాకు ఛార్జింగ్ పెట్టాను. ఈసారి సవరణలు ఉండవు.

ఇవాళ్టి నుంచే అనుకున్నాను గాని కుదరదు. ముందు గదిలో పక్కింటి దంపతులు కూర్చున్నారు. ఆవిడ వంద మాటలూ డాక్టరమ్మ దగ్గరే అయిపోయాయి. నాకోసం కుర్చీ వేశారట, పిలుస్తున్నారు.