సొరంగంలో మాండలిన్

మావా,

నువ్వు పోయి ఏడాదైంది. నీ మాండలిన్ తీగలు తుప్పుపట్టాయి. చర్చిలో నీ దగ్గర వాయించడం నేర్చుకున్న గుంటపిల్ల ఇంటికొచ్చింది. "అత్తా, ఇలాగియ్యి. తీగలు నాను మార్పించుకొస్తాను" అంది. ఇవ్వలేదు. నా చీర చింపి దాన్ని తుడుచుకున్నావే గాని నన్ను ముట్టుకోనివ్వలేదే, అలాంటిదాన్ని ఆ గుంట చేతిలో పెడతానా?

విశాఖలో నువ్వు దాన్ని కొన్న కొట్టుకే తీసుకెళ్లాను. కొత్త తీగలు బిగించి, "ఎవరు వాయిస్తారమ్మా?" అనడిగాడు కొట్టతను.

"నానే" అన్నాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన నేను కూర్చుని, దాన్ని సీటు కిందకి తోశాను. అది కొన్న రోజు ఇదే రైల్లో, సొరంగం చీకట్లో భయమేసి నీ చెయ్యి కోసం వెతికాను. నీ రెండు చేతులూ దాని చుట్టూనే ఉన్నాయి.

ఈసారి మొదటి సొరంగం రాగానే వంగి, దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను.