ఎస్టేటు పటంలో తాటిచెట్టు

తమ్ముడూ,

నువ్వు కన్నుమూశాక నీకు రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ నవ్వు ఆపుకోలేక కలం పట్టాను.

దొరగారి తాతల నాటి ఇంగ్లండు ఎస్టేటు పటంలో చెదలు తిన్నచోట నువ్వు మళ్లీ గీశావు కదా. ఇంగ్లండు నుంచి వచ్చి ఓడ దిగిన దొరగారి అన్న అది చూసి, చెరువు పక్క చెట్టును గీకేయమన్నాడట. వాళ్ల వంటవాడు అప్పన్న రంగూన్ బోటాటౌంగ్ పేటలో మనింటికి పరుగున వచ్చాడు.

"ఇంగ్లండులో తాటిచెట్టేటమ్మా! మీ తమ్ముడు కొంప ముంచీసినాడు!"

గోవిందుణ్ణి తలచుకుంటూ దొరగారి బంగళాకు వెళ్లాను. దొరసాని నవ్వుతోంది.

"నేను రంగూన్‌లోనే పుట్టాను. ఈ పటంలో నేను గుర్తుపట్టే చెట్టు ఇదొక్కటే. గీకనివ్వను."

నీ పచ్చరంగు ఇంకా తడిగా ఉన్నట్టే ఉంది.

ఈ ఉత్తరం నీ దగ్గరే దాచుకో. నీకంటే ముందే అక్కడికి చేరిన నాన్నకు మాత్రం చూపకు, నీ బొమ్మల్ని మళ్లీ పిచ్చిగీతలంటారు.

అక్క